మడమ మీద చుక్క

నా దస్తూరి బాగుంటుంది. నా బతుకులో జరిగిన అనర్థాలు చాలావరకు దానివల్లే జరిగాయి. జహీరాబాదులో సిద్దప్ప ధర్మ దవాఖానలో కంపౌండరుగా చేరబోయినప్పుడు, నాకు సూది వేయడం వచ్చా, మందుల పేర్లు తెలుసా అని ఎవరూ అడగలేదు. సిద్దప్పగారి కొడుకు రేవణసిద్ధప్ప సేటు కాగితం, కలం నా ముందుకు తోసి, "నీ పేరు, ఊరు రాయి" అన్నాడు. 'జగన్‌మోహన్, జహీరాబాదు' అని రాశాను. ఆయన ఆ కాగితాన్ని కళ్లకు దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చూసి, "అచ్చేసినట్టే ఉన్నది. రేపటి సంది రా" అన్నాడు. తండ్రి పేరున దవాఖాన నడుపుతున్న మనిషికి మందు ఇచ్చేవాడి కంటే బోర్డులు రాసేవాడే ఎక్కువ అవసరమని నాకు తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లో మా దిక్కు చంటిపిల్లలకు నల్లమందు వేయడం వింతేమీ కాదు. చెరకు కొట్టడానికో, అల్లం చేలో కలుపు తీయడానికో పోయే తల్లులు పొద్దున్నే ఇంత నల్లమందును చనుబాలలో రంగరించి పిల్ల నాలుకకు రాసి పోయేవాళ్లు. పిల్ల సాయంత్రం దాకా లేచేది కాదు. పిల్లను చేను దగ్గరికే తీసుకుపోవచ్చు కదా అంటారేమో. మా సేటుకు మొగుడంపల్లి దారిలో పెద్ద అల్లం చేను ఉంది. చంకలో పిల్ల ఉన్న ఆడదాన్ని పనిలోకి రానీయొద్దని అక్కడి జీతగాడికి ఆయన గట్టిగా చెప్పి ఉంచాడు. పిల్ల ఏడిస్తే తల్లి లేస్తుంది, తల్లి లేస్తే కలుపు ఆగుతుంది. కాబట్టి తల్లి చేలో, పిల్ల ఇంట్లో, ఇద్దరి మధ్యా నల్లమందు. బొంబాయి రోడ్డు మీద చిరాగ్‌పల్లి దగ్గర లారీలు ఆగేచోట అది బెల్లం ముక్క దొరికినంత సులువుగా దొరికేది.

తల్లి వేసి పోతుంది. మధ్యాహ్నం పిల్ల కదిలి కుయ్యిమంటుంది. కోడలు వేసిన సంగతి తెలియని అత్త ఇంకొంచెం వేస్తుంది. పొద్దుగూకి తల్లి వచ్చేసరికి పిల్ల పెదవులు నేరేడుపండు రంగులో ఉంటాయి. నేను చేరిన మొదటి ఏడాది అట్లాంటి పిల్లలు ఐదుగురు నా బల్ల మీదికి వచ్చారు. ముగ్గురు బతకలేదు. మూడుసార్లూ అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

మా వాడకట్టులో నాగవ్వ అనే మంత్రసాని ఉండేది. డెబ్బై ఏళ్లు దాటాయి. నోట్లో ఉన్నవి రెండు పళ్లే, మాట అంటే మాత్రం ముప్పై రెండూ దిగేవి. మోకాళ్ల నొప్పులకని తనే రోజూ ఇంత నల్లమందు తినేది, ఆ సంగతి దాచేది కాదు. మూడో పిల్ల పోయిన రోజు ఆమె నా దవాఖాన మెట్ల మీద కూర్చుంది. తర్వాత లేచి కొంగు దులుపుకుంటూ, "మానుకోండ్రి అంటే మానుతరా? కడుపు మానమంటదా? వేసెటోళ్లు ఎట్లైన వేస్తరు. రెండుసార్లు పడకుంట చూడాలె, గంతే" అంది.

ఆమె పెట్టిన పద్ధతి ఏ చదువుకున్నవాడికీ తట్టనంత తేలికైంది. మందు వేసిన చెయ్యే పిల్ల ఎడమ మడమ మీద కాటుక చుక్క పెట్టాలి. చుక్క ఉన్న పిల్ల ఎంత ఏడ్చినా ఇంకెవరూ మందు ముట్టకూడదు. సాయంత్రం నీళ్లు పోసేటప్పుడే చుక్క కడగాలి. మందు పడ్డ పిల్లను ఒంటరిగా ఇంట్లో పడుకోబెట్టకుండా నాగవ్వ అరుగు మీదికి తేవాలి. అక్కడ నాగవ్వ, ఇంకో ఇద్దరు ముసలమ్మలు వరసగా పడుకున్న పిల్లల పక్కన కూర్చుని చింతపండు గింజ తీస్తూ ఉండేవాళ్లు. కాసేపటికొకసారి ఒక్కొక్క పిల్ల అరికాలు మీద వేలితో కొట్టేవాళ్లు. పిల్ల కాలు వెనక్కి లాక్కుంటే మళ్లీ చింతపండు. లాక్కోకపోతే నాగవ్వ లేచేది. పుట్టగానే ఏడవని పిల్లల నోట్లో ఊది ఊపిరి పోసిన నోరు ఆమెది. తల్లులను తిట్టి తిట్టి మందు కొంచెం కొంచెం తగ్గించేది కూడా ఆమే.

రెండేళ్లు గడిచాయి. మా వాడకట్టు నుంచే కాదు, ఆమెను చూసి చుక్క పెట్టడం నేర్చుకున్న పక్క వాడకట్టుల నుంచి కూడా ఒక్క పిల్ల నీలమై నా బల్ల మీదికి రాలేదు.

ఆ మాట నా కడుపులో ఉంచుకుంటే సరిపోయేది. 1979లో ఒకరోజు సేటు దవాఖానకు సున్నం ఎట్లా వేస్తున్నారో చూడటానికి వచ్చాడు. నోరు ఊరుకోక చెప్పాను.

"సేటూ, రెండేండ్ల సంది ఒక్క పసిపిల్ల అఫీముతోటి చావలే."

"అచ్ఛా. ఎవరు చేసిన్రు?"

"నాగవ్వ. మంత్రసాని."

సేటు మొహం వాడిపోయింది. "మంత్రసాని చేస్తే ఊళ్లె పెద్దమనుషులం మనమేం చేసినట్టు? పైకెల్లి ఇది పిల్లల సంవత్సరమట. రేడియోల రోజు చెప్తున్నరు. ఏదన్న చెయ్యాలె."

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. మావాళ్లు దొంగలు వెళ్లిపోయిన రెండేళ్లకు మొరగడానికి సంఘం పెట్టారు. పదకొండు మంది సభ్యులు. పదకొండు మందిలో ఏడ్చే పిల్లను ఒక్కసారైనా ఎత్తుకుని ఊరుకోబెట్టినవాడు ఒక్కడూ లేడు. అధ్యక్షుడు మా సేటు. కార్యదర్శి ఎవరని అడగనక్కర్లేదు, దస్తూరి నాది. మొదటి సమావేశం మూడు గంటలు సాగింది, నాలుగుసార్లు చాయ్ వచ్చింది, సంఘానికి పేరు కుదిరింది: 'జహీరాబాదు తాలూకా శిశు నల్లమందు మరణ నిర్మూలన సంఘం.' అంత పేరు సభ్యులు చొక్కాకు పెట్టుకునే బిళ్ల మీద పట్టలేదు. పేరు తగ్గించడం పరువుతక్కువ అనుకుని బిళ్లనే పెద్దది చేయించారు. అది పెట్టుకుంటే చొక్కా జేబు కిందికి జారేది. సభ్యులు ఒక చేత్తో దాన్ని పట్టుకునే ఊరంతా తిరిగేవాళ్లు.

రెండో సమావేశంలో వకీలు సదాశివ లేచాడు. ఆయన కోర్టులో గెలిచిన కేసులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, సమావేశాల్లో మాత్రం ఎప్పుడూ ఓడిపోలేదు.

"అధ్యక్షా, ఆ చుక్క సంగతి జర ఆలోచించుండ్రి. చుక్క పెట్టుడంటే ఏంది? అఫీము వేసిన, బాజాప్త, అందరికి తెలిసెటట్టు వేసిన, అని ఒప్పుకునుడు. మనం ఊకుంటే నేరానికి పర్మిషన్ ఇచ్చినట్టే గద. చుక్క పోవాలె. చుక్క పోతే అఫీము పోతది."

అందరూ చప్పట్లు కొట్టారు. చుక్కను నిషేధించారు. తల్లులంతా దేవుడి ముందు ప్రమాణం చేయాలన్నారు. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పిల్లల మడమలు చూసే దళం ఒకటి వేశారు. అఫీము తినే ముసలిదాని దగ్గర పిల్లలను పడుకోబెట్టడం దేశానికే అవమానమని, నాగవ్వ అరుగు ఖాళీ చేయించాలన్నారు. తీర్మానాలన్నీ నేనే రాశాను. అడ్డు చెప్పానని ఇప్పుడు మీకు చెప్పుకోవాలని ఉంది గానీ, చెప్పలేదు. 'నిషేధించడమైనది' అన్న మాటలో ధి కింది ఒత్తు అందంగా కుదిరిందని ఆ రోజు మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

ఈ సంగతి నాగవ్వకు చెప్పడానికి కూడా నన్నే పంపారు. ఆమె చింతపండు చెయ్యి చీర కుచ్చిళ్లకు తుడుచుకుని విన్నది.

"దీపమార్పితే పాము పోతదా కొడుకా?"

"ప్రమాణం చేపిస్తున్నరు అవ్వా. ఇగ ఎవరు వెయ్యరు."

"వేస్తరు. సిగ్గుపడుకుంట వేస్తరు. సిగ్గుపడ్డోళ్లు ఒకళ్లకొకళ్లు చెప్పుకోరు. చెప్పుకోకపోతే ఏమైతదో నువ్వు బల్ల మీద చూసినోనివే. నాకంటె నీకే ఎర్క."

నాకు ఎరుకే. తల ఊపి వచ్చేశాను.

మడమల దళం పని బ్రహ్మాండంగా సాగింది. తెల్లారేసరికి బిళ్ల పట్టుకున్న మనుషులు గుమ్మంలో దిగి, నిద్రలో ఉన్న పిల్లల కాళ్లు తలకిందులు చేసి చూసేవాళ్లు. చుక్క కనిపిస్తే ఆ తల్లి పేరు రిక్షాలో కట్టిన మైకులో చదివేవాళ్లు. నెల తిరక్కుండా తాలూకాలో ఒక్క మడమ మీద చుక్క లేదు. దాన్నిబట్టి నల్లమందు వాడకం పూర్తిగా తగ్గిందని నివేదిక రాయమన్నారు, రాశాను. చిరాగ్‌పల్లి దగ్గర అమ్మేవాడికి గిరాకీ తగ్గిందా అని మాత్రం ఎవరూ అడగలేదు. సెప్టెంబరులో ఝరాసంగం నుంచి ఒక పిల్లను తెచ్చారు. పెదవులు చూస్తే తెలుస్తూనే ఉంది. దవాఖాన పుస్తకంలో ఏమని రాయాలని అడిగితే సేటు నావైపు వింతగా చూశాడు. "సంఘం ఉండంగ అఫీముతోటి ఎట్ల చస్తది? జరం అని రాయి" అన్నాడు. జ్వరం అని రాశాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

నవంబరు పద్నాలుగున బాలల దినం. హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు వస్తాడని సేటు ఊరంతా చెప్పాడు. ఏ శాఖ ఆఫీసరో అప్పుడూ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. నల్లమందు లేకుండా పెరిగిన పిల్లలను ఆయన ముందు వేదిక మీద వరసగా చూపించాలని, అందులో 'అత్యంత శాంత శిశువు'కు వెండి గ్లాసు ఇవ్వాలని నిశ్చయమైంది. ముందు రోజు సేటు నన్ను పక్కకు పిలిచాడు.

"కార్యదర్శి పిల్ల మొదటి వరసల ఉండాలె. మనమే దాచిపెడితే ఊరోళ్లు ఏమంటరు? కని ఒక్క మాట, ఏడ్వొద్దు. ఏడ్చిందంటే ఆఫీసరు ముందల పరువు పోతది."

పెళ్లయిన ఏడేళ్లకు పుట్టిన పిల్ల నాది. పేరు బాలమణి, మా నాయనమ్మ పేరు. అప్పటికి ఎనిమిది నెలలు. పళ్లు వస్తున్నాయేమో, దాని ఏడుపు బస్టాండు దాకా వినబడేది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, మా అమ్మ యాదమ్మ, నా భార్య మనోరమ ఇద్దరూ ఉండగా, సేటు మాటనే ఇంకొంచెం కారం కలిపి చెప్పాను.

"రేపు పిల్ల ఏడ్చిందంటే నా నౌకరి గంగల కలిసినట్టే. ఏం చేస్తరో నాకు తెల్వదు."

ఏం చేస్తారో నాకు తెలియదట. కంపౌండరును నేను.

మర్నాడు గంజ్ మార్కెట్ ఆవరణలో పందిరి వేశారు. పదింటికి వస్తాడన్న ఆఫీసరు పన్నెండింటికి జీపులో వచ్చాడు. మనోరమ మైకు ముందు నిలబడి ప్రమాణం చదివింది. తల్లులంతా చెయ్యి చాపి ఆమె వెనక అన్నారు. తర్వాత వేదిక మీద పరిచిన జంపఖానా మీద ఇరవై ఇద్దరు పిల్లలను వరసగా పడుకోబెట్టారు. నా కళ్లతో నేను చూశాను, ఇరవై ఇద్దరూ నిద్రపోతున్నారు. పట్టపగలు, ఆ ఎండలో, ఆ మైకు మోతలో ఒక్క పిల్ల కిక్కురుమనలేదు. నల్లమందు వ్యతిరేక సభకు వచ్చిన పసిపిల్లలు అంత బుద్ధిగా ఎట్లా ఉన్నారో ఆ పందిట్లో తెలియనివాడు ఆఫీసరు ఒక్కడే. అయినా పదకొండు బిళ్లలూ తళతళలాడుతూ నవ్వాయి.

"ఎంత శాంతంగా ఉన్నారండీ పిల్లలు" అన్నాడు ఆఫీసరు.

"సంఘం కృషి సార్" అన్నాడు సేటు.

అందరూ శాంతంగా ఉంటే అత్యంత శాంతం ఎవరో ఎట్లా తేల్చాలన్న చిక్కు వచ్చింది. వకీలు సదాశివ దానికి ఉపాయం చెప్పాడు. పెళ్లిళ్ల బ్యాండువాళ్లను వేదిక ఎక్కించి, పిల్లల తలల దగ్గర డోలు కొట్టించాడు. చాలామంది పిల్లలు ఉలిక్కిపడ్డారు. నలుగురు ఏడ్చారు, వాళ్ల తల్లులు సిగ్గుతో పరుగెత్తుకొచ్చి ఎత్తుకుపోయారు. రెండోసారి కొట్టించాడు. ఇంకా కొందరు కదిలారు. మూడోసారికి ఒక్క పిల్ల మాత్రం రెప్ప కూడా కదపలేదు. అది నా కూతురు. ఆఫీసరు దాన్ని రెండు చేతుల్లోకి ఎత్తుకుంటే పందిరంతా చప్పట్లతో మోగింది. ఫోటో తీసేవాడు మెరుపు కొట్టాడు. పేరు చెక్కడానికి పిలిపించి కూర్చోబెట్టిన కంసాలి అక్కడికక్కడే గ్లాసు మీద దాని పేరు చెక్కేశాడు. నేను అటు వీపు పెట్టి మైకు ముందు నివేదిక చదువుతున్నాను. నా బిడ్డ గెలిచిందని విని, కడుపు నిండిపోయి, గొంతు ఇంకొంచెం పెంచి చదివాను.

తాడు అవతల దళంవాళ్లు ఆపి నిలబెట్టిన నాగవ్వ కేక అప్పుడు వినబడింది.

"ఓ కంపోండరూ, చదువుడు బందు చెయ్యి. అది నిద్ర గాదు. పిల్ల పెదవులు చూడు."

తిరిగి చూశాను. ఆఫీసరు మోచేతి మీంచి బాలమణి చెయ్యి కిందికి వేలాడుతోంది. గోళ్లు నీలంగా ఉన్నాయి. కాగితాలు ఎక్కడ పడ్డాయో తెలియదు. పిల్లను లాక్కుని రెప్ప ఎత్తి చూస్తే కంటిపాప ఆవగింజంత ఉంది. ఊపిరి ఉంది, కానీ ఒకటి వచ్చాక రెండోది వస్తుందో లేదో తెలియనంత ఎడంగా వస్తోంది.

"మనోరమా, మందేసినవా?"

నా భార్య వేదిక మెట్ల మీద నిలబడి ఉంది. ఆమె ఎదురుగా ఆఫీసరు, సేటు, పదకొండు బిళ్లలు, వెయ్యి మంది జనం. గంట కిందట అదే మైకులో ప్రమాణం చదివింది. తల అడ్డంగా ఊపింది. "లేదు" అంది. మా అమ్మ వైపు తిరిగాను. "నేనెందుకు వేస్త బిడ్డా" అని అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ అబద్ధమాడుతున్నారని తెలుస్తోంది, ఎంత పడిందో, ఎప్పుడు పడిందో మాత్రం తెలియడం లేదు. నా చేతుల్లో పిల్ల చల్లబడుతోంది.

నాగవ్వ తాడు కింద నుంచి దూరి వచ్చేసింది. మోకాళ్ల మీద మెట్లెక్కి, పూలదండలున్న బల్లను ఒక్క చేత్తో ఊడ్చేసి పిల్లను దాని మీద పడుకోబెట్టింది. అరికాలు మీద కొట్టింది. పిల్ల కాలు కదపలేదు. అప్పుడు ఆమె అత్తాకోడళ్ల వైపు తిరిగింది. పక్కనే మైకు తెరిచి ఉంది.

"ఎవ్వరు వెయ్యలే, మంచిది. నేనే వేసిన అనుకోండ్రి. నాగవ్వ వేసింది, సరేనా? నేను ఎప్పుడు వేసిన్నో జర యాద్ చెయ్యుండ్రి."

"పది గంటలకు" అంది మనోరమ.

"ఎనిమిదింటికి" అంది అమ్మ.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా బల్ల ముందు మూడుసార్లు చూసిన చూపు, ఈసారి నా ఇంట్లోవాళ్ల మొహాల్లో చూశాను. చుక్క ఉండి ఉంటే మనోరమ పది గంటలకు పిల్ల కాలు చూసి ఆగిపోయేది. చుక్క తీసేసిన తీర్మానం నా చేతిరాతలో భద్రంగా ఉంది.

పెద్ద దవాఖానకు తీసుకుపోదామని నేను లేస్తే నాగవ్వ చెయ్యి పట్టి ఆపింది. "జీపుల ఎగేస్తే తొవ్వల్నే ఊపిరి ఆగుతది. ఈడనే ఊదాలె. పెద్ద డాక్టరుంటే ఈడికే పిలువు" అంది. జీపు ఎట్లాగూ లేదు. ఆఫీసరు భోజనానికి సేటు ఇంటికి అదే జీపులో వెళ్లిపోయాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, ఫోటో తీసేవాడు నా దగ్గరికి వచ్చి గ్లాసు పిల్ల పక్కన పెట్టి ఇంకొక్కటి తీసుకుంటానన్నాడు. వాడిని బస్వమ్మ అనే ముసలమ్మ చెప్పు తీసి తరిమింది. డాక్టరు కోసం ఒకరు సైకిలు మీద పరుగెత్తారు.

నాగవ్వ ఊదింది. ఆమెకు దమ్ము చాలకపోతే నేను ఊదాను. నేను ఊదుతుంటే ఆమె అరికాళ్లు కొట్టింది, వేళ్ల కణుపులతో రొమ్ము ఎముక మీద రుద్దింది, తడిగుడ్డతో మొహం తుడిచింది. పందిరి ఖాళీ అయింది. వచ్చిన డాక్టరు కూడా చూసి, చేస్తున్నదే చేయమని పక్కన కూర్చున్నాడు. రెండయింది. మూడయింది. మనోరమ పిల్ల కాళ్ల దగ్గర కూర్చుని ఎడమ మడమను బొటనవేలితో రుద్దుతూనే ఉంది. నాకు దేవుడు గుర్తు రాలేదు, సంఘం గుర్తు రాలేదు, ఇంకో ఊపిరి రావాలి అన్నదొక్కటే ఉంది. నాలుగున్నరకు నాగవ్వ వేలితో కొడితే బాలమణి కాలు వెనక్కి లాక్కుంది. కాసేపటికి మొహం ముడుచుకుంది. తర్వాత ఏడ్చింది. బస్టాండు దాకా వినబడే ఏడుపు అది. ఆ బల్ల మీద తల పెట్టుకుని నేను కూడా బిడ్డతో పాటే ఏడ్చాను, సిగ్గు లేకుండా.

మూడో రోజున సంఘం సమావేశం. చాయ్, బిస్కెట్లు మామూలే. సేటు గంభీరంగా ఉన్నాడు.

"నేరం ఎవరు చేసిన్రో దొరికింది. ముసల్ది మైకుల ఒప్పుకున్నది, ఊరంత విన్నది. నాగవ్వను పోలీసులకు అప్పజెప్పాలెనని తీర్మానం. రాయి జగన్‌మోహన్."

ఆ మాట వస్తుందని నాకు ముందే తెలుసు. పొద్దున ఇంట్లో ఈ సంగతి చెబితే మనోరమ పిల్లకు పాలిస్తూ, "మా పేర్లే రాయి" అంది. అమ్మేమో, "నా పేరు సక్కగ రాయి, ఎవరన్న సదివితే తెల్వాలె" అంది.

రాశాను. 'మొదటిసారి మందు వేసింది నా తల్లి యాదమ్మ. రెండోసారి వేసింది నా భార్య మనోరమ. పిల్ల ఏడవకూడదని వాళ్లను బెదిరించింది నేను. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేకుండా చేసింది ఈ సంఘం. సెప్టెంబరులో ఝరాసంగం పిల్ల చనిపోయింది జ్వరంతో కాదు.' కింద సంతకం పెట్టి వకీలు సదాశివ ముందుకు తోశాను. ఆయన చదివాడు, సేటుకిచ్చాడు. సేటు చదివి, కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చాయ్ పళ్లెంలో వేశాడు.

"దస్తూరి మాత్రం మస్తున్నది" అన్నాడు సదాశివ నిట్టూర్చి.

నా నౌకరి ఆ సాయంత్రమే పోయింది. నాగవ్వను పోలీసులకు అప్పజెప్పాలంటే సాక్ష్యం మేం ముగ్గురం చెప్పాలి కాబట్టి ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సంఘానికి మాత్రం ఏమీ కాలేదు. తర్వాతి ఏడాది దానికి ఎక్కడి నుంచో ప్రశంసాపత్రం వచ్చిందని విన్నాను. నేను బస్టాండు దగ్గర ఒక మందుల దుకాణంలో కుదిరాను. నాగవ్వ అరుగు మీద చింతపండు మళ్లీ పరిచారు. సేటు చేనులో కలుపుకు పోయే ఆడవాళ్లు అందరికంటే ముందు పిల్లలను తెచ్చారు. మడమల దళంవాళ్లు ఒకసారి అటు వచ్చారు గానీ, మా అమ్మ అరుగు మీద కూర్చుని ఉండటం చూసి వీధి మారారు. ఆ రోజు నుంచి పోయేదాకా మా అమ్మ పగలంతా అక్కడే కూర్చుంది.

గెలిచిన గ్లాసు తిరిగి ఇమ్మని సేటు మనిషిని పంపాడు. అప్పటికే మనోరమ దాన్ని నాగవ్వకు ఇచ్చేసింది. కాటుక పెట్టుకునే గిన్నె పగిలిపోయిందని నాగవ్వ కాటుకంతా అందులో నింపింది. నల్లగా జిడ్డు పట్టిన గ్లాసును చూసి వచ్చినవాడు చెయ్యి కూడా పెట్టకుండా వెళ్లిపోయాడు.

1986లో బాలమణికి ఏడేళ్లు. అక్షరాలు కూడబలుక్కుని కనబడ్డ ప్రతి బోర్డూ చదివే వయసు. ఒకరోజు దాన్ని తీసుకుని అరుగు మీదికి వెళ్లాను. నాగవ్వకు అప్పటికి కళ్లు సరిగా ఆనవు, వేళ్లతో తడిమి పిల్లల అరికాళ్లు వెతుక్కునేది. ఇంకా ఐదారుగురు పిల్లలు ఉంటూనే ఉన్నారు, నల్లమందు ఎక్కడికీ పోలేదు. బాలమణి గ్లాసును తిప్పి చూసి, మసిని వేలితో తుడిచి, చెక్కిన అక్షరాలు చదివింది.

"అత్యంత శాంత శిశువు. బి. బాలమణి. గిది నా పేరే గద నాయినా. నేనేం చేస్తే ఇచ్చిన్రు?"

 నాగవ్వ తన పక్కన పడుకున్న ఒక పిల్ల అరికాలు మీద వేలితో కొట్టి, అది లాక్కున్నాక, బాలమణి వైపు మొహం తిప్పింది.

"ఏం చెయ్యలే బిడ్డా. ఏడ్వలే, గందుకిచ్చిన్రు. మళ్లెప్పుడు గట్ల గెలువకు."